బ్లూత్రిక్స్మోలెర్‌లో అతుకు ఎక్కడ?

ఓస్లోలో పెద్దవాళ్లకు నార్వేజియన్ ఉచ్చారణ నేర్పడం నా పని. గత అక్టోబరులో నా దగ్గరికి వచ్చిన ఒక తెలుగు విద్యార్థిని కేసు ఇది. ఆమె అనుమతితోనే రాస్తున్నాను. ఊరు, పనిచేసే చోటు, మనిషిని పట్టిచ్చే మిగతా వివరాలు మార్చాను.

ఆమెకు ముప్పై నాలుగేళ్లు. భర్త ఉద్యోగం వల్ల నార్వే వచ్చి ఆరేళ్లయింది. వృద్ధుల సంరక్షణ కేంద్రంలో సహాయకురాలిగా పనిచేస్తున్నారు. నార్వేజియన్ చదవడం, రాయడం చక్కగా వచ్చు. వ్యాకరణంలో నేను తప్పు పట్టగలిగింది దాదాపు ఏమీ లేదు. కష్టమంతా ఫోనులోనే. ఒక రాత్రి డ్యూటీలో ఒక పెద్దాయన రక్తపోటు విషయం డాక్టరుకు చెప్పాల్సి వచ్చింది. కొలిచే పరికరం (నార్వేజియన్‌లో ‘బ్లూత్రిక్స్మోలెర్’) సరిగా పనిచేయడం లేదు, ఇంకొకదానితో మళ్లీ కొలవనా అన్నది ఆమె అడగదలుచుకున్న ప్రశ్న. అవతలి మనిషి ‘వా సా దు?’ అన్నాడు. అంటే ‘ఏమన్నారు?’ అని. ఆమె మళ్లీ చెప్పారు. మళ్లీ ‘వా సా దు?’. నాలుగోసారి పక్కనున్న నార్వే సహోద్యోగి ఫోను అందుకుని అదే మాట ఒక్కసారి చెప్పింది. అవతల అర్థమైపోయింది.

“ఆవిడా నేనూ ఒకే మాట అన్నాం మాస్టారూ. అక్షరం తేడా లేదు” అన్నారు ఆమె. ఆ వాక్యంలోనే జబ్బు పేరు ఉంది. నాకది పట్టుబడడానికి రెండు నెలలు పట్టింది.

ఒక మాట. నార్వేజియన్ ధ్వనులను తెలుగు లిపిలో పూర్తిగా పట్టలేం. వాళ్ల అచ్చుల్లో మూతి సున్నాలా చుట్టి పలికేవి మూడు నాలుగున్నాయి, వాటికి మన దగ్గర గుర్తులు లేవు. ఇక్కడ రాసేదంతా దగ్గరి ఉజ్జాయింపు, అదీ ఓస్లో ఉచ్చారణకు.

మొదటి పరీక్ష

కొత్తగా వచ్చిన ప్రతివారి చేతా ముప్పై సమాస పదాలు చదివించి రికార్డు చేస్తాను. సగం వాళ్ల పనికి సంబంధించినవి, సగం రోజువారీవి. ఆ రికార్డింగును మా పక్కింట్లో ఉండే రిటైరైన ఒక బడిపంతులుగారికి వినిపిస్తాను. ఆయనకు తెలుగూ రాదు, వచ్చిన మనిషి ఎవరో కూడా తెలియదు. విన్నది విన్నట్టు కాగితం మీద రాసిస్తారు. నా చెవిని నేను నమ్మను. ఇరవై ఏళ్లుగా మనవాళ్ల నార్వేజియన్ వింటున్న చెవి అది. ఏది చెప్పినా దానికి అర్థమైపోతుంది.

ముప్పైలో పన్నెండు పదాలు ఆయన సరిగ్గా రాశారు. మిగతా చోట్ల రాసినవి చూస్తే నవ్వూ వస్తుంది, బాధా వేస్తుంది. మధ్యాహ్నం తినడానికి ఇంటి నుంచి కట్టి తెచ్చుకునే రొట్టె ముక్కల పొట్లాన్ని ఇక్కడ ‘మాత్‌పక్కె’ అంటారు. ‘మాత్’ అంటే తిండి, ‘పక్కె’ అంటే పొట్లం. ఈ దేశంలో బడి పిల్లవాడి నుంచి మంత్రి దాకా అందరూ దినమూ అనే మాట. పంతులుగారు దాన్ని ‘చాప, పొట్లం’ అని రెండు ముక్కలుగా రాశారు. కారు టైరును ‘బీల్‌దెక్క్’ అంటారు. ఆయన ‘బిల్దె’ అని రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టారు. ‘బిల్దె’ అంటే బొమ్మ, చిత్రం. రక్తపోటు కొలిచే పరికరానికి ఎదురుగా ఏమీ రాయలేదు. గీత గీసి వదిలేశారు.

నేను చేసిన తప్పు

నార్వేజియన్ గురించి ఎవరు ఏది రాసినా ముందు చెప్పేది రెండు స్వరాల సంగతి. వాళ్లు దాన్ని ‘తూనెలాగ్’ అంటారు. ఊనిక పడిన, అంటే నొక్కి పలికే (ఇంగ్లిషులో స్ట్రెస్) మాటకు రెండు రాగాల్లో ఏదో ఒకటి ఉంటుంది. ‘తంకెన్’ అనే మాటను మొదటి స్వరంలో, గొంతు కింద మొదలుపెట్టి పైకి తీసుకుపోతే ‘ట్యాంకు’. రెండో స్వరంలో, పైనుంచి దిగి మళ్లీ పైకి లేపితే ‘ఆలోచన’. రాతలో రెండూ ఒక్కటే. సమాసం ఎంత పొడుగుదైనా మొత్తానికి ఒకే స్వరం పడుతుంది. ఓస్లో ప్రాంతంలో చాలా సమాసాలకు అది రెండో స్వరం.

ఆమె సమాసాలన్నీ చదునుగా ఉన్నాయి. ఏ భాగమూ పైకి లేవదు, ఏదీ కిందికి దిగదు. నేను స్వరమే లోపమని తేల్చుకుని నాలుగు వారాలు దానిమీదే పడ్డాను. హమ్మింగు చేయించాను, చేత్తో గాలిలో గీతలు గీయించాను. ఆమె శ్రద్ధగా చేశారు. ఫలితం? సహోద్యోగులు “ఈ మధ్య నువ్వు స్వీడన్ వాళ్లలా మాట్లాడుతున్నావు” అన్నారట. స్టాక్‌హోమ్ స్వీడిష్‌లో సమాసానికి రెండు శిఖరాలు వస్తాయి కాబట్టి ఆ మాట పూర్తిగా అన్యాయమూ కాదు. ముప్పై పదాలు మళ్లీ వినిపిస్తే పంతులుగారు పదమూడు సరిగ్గా రాశారు. నాలుగు వారాల కష్టానికి ఒక్క పదం.

నిజానికి ఇది నాకు ముందే తట్టవలసింది. ఓస్లోలో కింది నుంచి మొదలయ్యే మొదటి స్వరం బెర్గెన్‌లో పైనుంచి మొదలవుతుంది. ఉత్తరాన ఫిన్‌మార్క్‌లో చాలాచోట్ల ఈ రెండు స్వరాల తేడాయే లేదు. అయినా ఆ ఊళ్లవాళ్లు ఓస్లో వచ్చి మాట్లాడితే ఎవరూ ‘వా సా దు’ అనరు. స్వరం తప్పితే యాస వేరుగా వినిపిస్తుంది, అంతే. మాట అందకుండా పోవడానికి కారణం ఇంకెక్కడో ఉండాలి.

జాబితాను మళ్లీ చదివితే

ఆ రాత్రి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను. ఈసారి స్వరాన్ని పక్కన పెట్టి, ఏ పదాలు అందాయి, ఏవి అందలేదు అన్నదొక్కటే చూశాను. పది నిమిషాల్లో తేలింది.

‘సీకెహూస్’ అంటే ఆసుపత్రి, అందింది. ‘లేగెవక్త్’ అంటే అత్యవసర వైద్య కేంద్రం, అందింది. పిల్లల బడి ‘బాణెహాగె’, అందింది. వృద్ధుల సంరక్షణ కేంద్రం ‘సీకెయెమ్మ్’, అందింది. వీటన్నిటిలో మొదటి భాగం అచ్చుతో ముగుస్తుంది: సీకె, లేగె, బాణె. అలాంటివి జాబితాలో పదమూడు ఉంటే మొదటి పరీక్షలో పది అందాయి. మొదటి భాగం హల్లుతో ముగిసేవి పదిహేడు ఉంటే రెండే అందాయి. ఆ రెండూ చూడండి: రక్తపోటు అనే ‘బ్లూత్రిక్క్’, రొట్టె ముక్క అనే ‘బ్రోషీవె’. రాతలో రక్తానికీ రొట్టెకూ చివర ‘ద్’ ఉంది కాని పలకరు. అంటే చెవికి అవి కూడా అచ్చుతో ముగిసేవే.

అచ్చుతో ముగిసీ అందని మూడింటిలో రెండు ‘రుల్లెస్తూల్’, ‘యెట్టెస్విక్త్’. మొదటిది చక్రాల కుర్చీ, రెండోది గుండె బలహీనపడే జబ్బు. రెండింటిలోనూ రెండో భాగం జంట హల్లుతో మొదలవుతుంది: స్తూల్, స్విక్త్. మూడోది న్యుమోనియాకు వాళ్ల మాట, ‘లుంగెబెతెన్నెల్సె’. అది వేరే కారణంతో పోయింది. ఆమె ఊనికను ‘బె’ మీద వేశారు.

అంటే సమాసంలో రెండు భాగాలు కలిసేచోట హల్లు గుమిగూడితే దాదాపు ప్రతిసారీ మాట కూలిపోతోంది. ఎందుకో ఇంకా తెలియలేదు. మర్నాడు ఆమెను నోటుబుక్కు తెమ్మన్నాను.

నోటుబుక్కు

మామూలు రూళ్ల పుస్తకం. ఎడమవైపు నార్వేజియన్ స్పెల్లింగు, కుడివైపు తెలుగు లిపిలో ఉచ్చారణ, ముత్యాల్లాంటి దస్తూరీ. వరసగా ఇలా ఉన్నాయి:

మత్పక్కె
బిల్దెక్కు
రుల్లెస్తూలు
బ్లూత్రిక్స్మోలెరు

చూసి కాసేపు మాట్లాడలేకపోయాను. రెండు నెలలుగా నేను వెతుకుతున్నది సిరాలో రాసి ఉంది.

తెలుగు లిపికి ఒక ధర్మం ఉంది. హల్లులు ఎన్ని కలిసినా వాటన్నిటినీ తరవాతి అచ్చు కిందికే తోస్తుంది. ‘పద్మ’ను మనం ‘ప’, ‘ద్మ’ అని రాస్తాం, ‘పద్’, ‘మ’ అని కాదు. ఒత్తు ఎప్పుడూ ముందుకే పోతుంది. ఒక్క అక్షరంగా చూసినది ఒక్క ముద్దగానే నోట్లోంచి వస్తుంది. మన మాటలు చాలామటుకు అచ్చుతోనే ముగుస్తాయి కాబట్టి ఈ పద్ధతి మనకు ఎక్కడా అడ్డం రాదు. నార్వేజియన్ సమాసంలో మాత్రం మొదటి మాట హల్లుతో తలుపు మూసుకుంటుంది. ఆ తరవాతే రెండో మాట మొదలవుతుంది. ‘మాత్’ అని మూయాలి, ‘పక్కె’ అని తెరవాలి. ఆమె ‘త్’ను తీసుకుపోయి ‘ప’కు ఒత్తుగా తగిలించారు.

అక్కడితో ఆగలేదు. ఆ ‘త్ప’ వల్ల ముందున్న ‘మ’ గురువైపోయింది. ఛందస్సు చదువుకున్న ఎవరికైనా తెలుసు, ఒత్తక్షరానికి ముందున్న అక్షరం గురువు. ఇక ‘మా’ అని సాగదీయవలసిన అవసరం తెలుగు చెవికి కనిపించదు, బరువు ఎలాగూ వచ్చేసింది కదా. అలా దీర్ఘం పోయింది. ‘బీల్’లోని దీర్ఘం కూడా అలాగే ‘ల్దె’ పుణ్యమా అని పోయింది. నార్వేజియన్‌కు మాత్రం ఆ దీర్ఘమే ప్రాణం. ‘తాక్’ అంటే ఇంటి పైకప్పు, ‘తక్క్’ అంటే ధన్యవాదాలు. అచ్చు సాగితే ఒక మాట, హల్లు సాగితే ఇంకో మాట. ‘బీల్’ కుదించుకుపోయి ‘బిల్దె’ అయినప్పుడు పంతులుగారికి టైరు పోయి బొమ్మ కనిపించింది.

‘రుల్లెస్తూల్’ కథ దీనికి తిరగేసినది. అతుకు ‘రుల్లె’ తరవాత ఉంది. ‘లె’ అక్కడ తేలికగా, గాలిలా పోవాలి. మన ఛందస్సులో సమాసంలోని రెండో పదం సంయుక్తాక్షరంతో మొదలైతే మొదటి పదం చివరి అక్షరం గురువవుతుంది. విడి పదాలైతే కాదు. ఆమె నోరు పద్యం చదివినట్టే చదివింది: ‘స్త’ ముందున్న ‘ల్లె’కు బరువు వేసి ‘రుల్లెస్-తూలు’ అంది. మన సూత్రం ప్రకారం తప్పేమీ లేదు! సమాసంలో పూర్వపదం ఉత్తరపదంతో కలిసిపోవడం మన పద్ధతి. నార్వేజియన్ సమాసంలో భాగాలు కాపురం కలిసి చేస్తాయి కాని వంటలు వేరు.

ఇక పరికరం సంగతి. ‘బ్లూ’ రక్తం, ‘త్రిక్క్’ ఒత్తిడి, ‘మోలెర్’ కొలిచేది. మధ్యలో ఒక ‘స్’. ఇది ఊరికే పడిన అక్షరం కాదు. ఒట్టి ఒత్తిడి కొలిచే మీటరును ‘త్రిక్క్‌మోలెర్’ అంటారు, అక్కడ ‘స్’ లేదు. మొదటి భాగం తానే ఒక సమాసం అయినప్పుడు, పెద్ద అతుకు ఇక్కడుందని చెప్పడానికి తరచుగా ‘స్’ వచ్చి కూర్చుంటుంది. వైన్ గ్లాసు ‘వీన్‌గ్లాస్’. రెడ్ వైన్ తాగే గ్లాసు అయితే మధ్యలో ‘స్’ వచ్చి ‘రోవీన్స్‌గ్లాస్’ అవుతుంది. మనకు ‘ఇల్లు’ పోయి ‘ఇంటిపేరు’లో ‘టి’ వచ్చినట్టు, ‘ఇనుము’ పోయి ‘ఇనుపపెట్టె’లో ‘ప’ వచ్చినట్టు, అది అతుకు మీద వేసిన ముద్ర. ఆ ముద్ర మొదటి భాగానికి చెందుతుంది: ‘త్రిక్క్స్’ అని మూయాలి. ఆమె దాన్ని అవతలికి తోసి ‘స్మోలెరు’ అన్నారు. ‘స్మో’ అనేది నార్వేజియన్‌లో విడిగా ఒక మాట. అర్థం చిన్నవి, బుల్లివి. పాపం ఆ రాత్రి ఫోనులో డాక్టరుకు రక్తం గురించి, ఒత్తిడి గురించి, ఏవో బుల్లి బుల్లివాటి గురించి వినిపించి ఉంటుంది.

ఏం చేశాం

పొల్లు పెట్టాం. అంతే.

అంటే, నోటుబుక్కు మొత్తం తిరగరాశాం. అతుకు దగ్గర ఒత్తు రాయకూడదు. మొదటి మాటను పొల్లుతో మూసి, నిలువు గీత గీసి, రెండో మాట కొత్తగా మొదలుపెట్టాలి. మాత్ | పక్కె. బీల్ | దెక్క్. రుల్లె | స్తూల్. బ్లూ త్రిక్క్స్ | మోలెర్. చివరన తగిలించిన ‘ఉ’లన్నీ కొట్టేశాం, బస్‌ను బస్సు, కార్‌ను కారు చేసినట్టు నార్వేజియన్‌ను చేయనక్కర్లేదు.

గీత ఎక్కడ గీయాలన్నది తెలియాలంటే మాటను చివరి నుంచి చదవాలి. ఇది తెలుగువాళ్లకు చెప్పనక్కర్లేదు. ‘పట్టుచీర’ చీరే, పట్టు కాదు. ‘మోలెర్’ అంటే కొలిచేది. దేన్ని? రక్తపోటును. కాబట్టి పెద్ద గీత ‘మోలెర్’ ముందు.

తరవాత ఆమెను అడిగాను, “గురువు లఘువు గుర్తున్నాయా అమ్మా?” అని. ఆమె నవ్వి, “యమాతారాజభానసలగం” అన్నారు, ఒక్క గుక్కలో. పదో తరగతి వదిలిపెట్టి పద్దెనిమిదేళ్లయినా పోలేదు. నాకు కావలసింది అదే. నార్వేజియన్‌లో ఊనిక పడిన ప్రతి సిలబుల్ గురువే. దీర్ఘం వల్లనైనా కావాలి, హల్లు సాగడం వల్లనైనా కావాలి, ఒకేసారి రెండూ కాకూడదు. ఊనిక లేనివి లఘువులు. సమాసంలో ప్రతి భాగానికీ తన గురువు తనకుంటుంది. మొదటి భాగపు గురువు పెద్దది, రెండోదాని గురువు కొంచెం అణిగి ఉంటుంది. అణిగినంత మాత్రాన చిక్కిపోదు. ‘రుల్లెస్తూల్’లో ‘స్తూల్’ గొంతు తగ్గుతుంది, పొడుగు తగ్గదు. చాలామంది జారేది ఇక్కడే. మొదటి భాగం మీద ఊనిక అని చెప్పగానే రెండో భాగాన్ని మింగేస్తారు.

ఆమె ప్రతి మాట మీదా U, I గుర్తులు వేసుకున్నారు. రుల్లె | స్తూల్: U I | U. మొదటి U కింద ఎర్ర పెన్సిలు గీత. ఆమె ఐదేళ్ల కొడుకు పక్కన కూర్చుని, తన బడిలో నేర్పినట్టు మాటను చప్పట్లతో విడగొట్టి చూపించేవాడట: రుల్-లె-స్తూల్, మూడు చప్పట్లు. చప్పట్లు వద్దన్నాను. పిల్లవాడికి లయ పుట్టుకతో ఉంది కాబట్టి చప్పట్లు పనికొస్తాయి. మనకు చప్పట్లంటే మూడు సమానమైన దెబ్బలు, ఉన్న జబ్బే ముదురుతుంది. బల్ల మీద వేలితో కొట్టించాను: పెద్ద దెబ్బ, దెబ్బ లేదు, చిన్న దెబ్బ.

రోజుకు పది నిమిషాలు, మొదట విడివిడిగా, తరవాత గీత మీద ఊపిరి వదలకుండా. గీత దగ్గర ఆగకూడదు అన్నది కష్టమైన షరతు. ఆగితే అది రెండు మాటలైపోతుంది, రెండూ పెద్ద ఊనికతో మోగుతాయి, అర్థం మారిపోతుంది. నార్వేవాళ్లకు ఇది ఒక జాతీయ సరదా. వేయించిన కోడి కాలేయాన్ని ఒక్క సమాసంగా పలకాలి. ‘కోడి’ దగ్గర ఆపి పలికితే ‘వేయించిన కోడి బతికే ఉంది’ అని అర్థం వస్తుంది. గొర్రెపిల్ల తొడ మాంసం ‘లమ్మెలోర్’. విడగొడితే ‘చచ్చుబడిన తొడలు’. పొగతాగని చోటు అని చెప్పే ‘రొయ్క్‌ఫ్రిత్త్’ బోర్డును రెండు మాటలుగా రాస్తే ‘స్వేచ్ఛగా పొగతాగండి’ అని చదువుకోవచ్చు. దుకాణాల బోర్డుల మీద నార్వేవాళ్లే ఈ తప్పు చేస్తుంటారు. ఇంగ్లిషు ప్రభావమని పెద్దలు తిట్టుకుంటుంటారు. అనుకోని లాభం ఏమిటంటే, ఆమె రాతలో కూడా ఇలా విడగొట్టే తప్పులు ఉండేవి, వాటి జోలికి నేను వెళ్లనే లేదు, అవి వాటంతటవే తగ్గాయి. ఒక్క దెబ్బలో విన్నదాన్ని చెయ్యి ఒక్క మాటగానే రాస్తుంది కాబోలు.

అడ్డం తిరిగిన చోట్లు

మూడో వారంలో ఆమె ‘పాసియెంత్’ అంటూ వచ్చారు. ‘మొదటి భాగం మీద ఊనిక’ అన్న నా మాటను ‘మొదటి అక్షరం మీద’ అని పట్టుకున్నారు. తప్పు నాదే, చెప్పడంలో. రోగి అనే ‘పసిఎన్త్’లో ఊనిక ‘ఎన్త్’ మీద. బయటి నుంచి వచ్చిన మాటల్లో చాలావాటికి అది చివరే ఉంటుంది. రోగి రికార్డు అనే ‘పసిఎన్త్‌షుణాల్’లో కూడా పెద్ద గురువు ‘ఎన్త్’, చిన్న గురువు ‘ణాల్’. మొదటి భాగం సమాసంలోకి వస్తూ తన ఊనికను తనతోనే తెచ్చుకుంటుంది. పైగా ఊళ్ల పేర్లు కొన్ని ఏ మాటా వినవు. ‘క్రిస్తియన్‌సన్న్’ అనే ఊరు చూడడానికి సమాసమే, ఊనిక మాత్రం చివర ఉంటుంది.

గీతలు గీయడం బాగా అలవాటయ్యాక అవసరం లేని చోట కూడా గీశారు. కంపెనీ, విందు అనే అర్థాలున్న ‘సెల్‌స్కాప్’ను ‘సేల్ | స్కాప్’ అని కోశారు. సేల్ అంటే సముద్రపు సీలు జంతువు, స్కాప్ అంటే బీరువా. “విందుకు పిలిస్తే సీలును బీరువాలో పెట్టడమేమిటి మాస్టారూ?” అన్నారు తానే నవ్వుతూ. అక్కడ ‘స్కాప్’ ఒట్టి ప్రత్యయం. ఇంకోసారి ‘నత్తూగ్’ అనే రాత్రి రైలు దగ్గర చిక్కుపడ్డారు. ‘నత్త్’ రాత్రి, ‘తూగ్’ రైలు. కలిస్తే మూడు ‘త్’లు రావాలి, రాతలో రెండే ఉంచుతారు. పంక్తి చివర మాటను విరిచి రాయవలసి వస్తే మూడోది మళ్లీ వచ్చేస్తుంది. రాతలో కనిపించకపోయినా అతుకు చచ్చిపోలేదన్నమాట.

అతుకు దగ్గర ధ్వనులు కరిగిపోయే చోటు కూడా ఒకటుంది, దాన్ని మాత్రం ఆమె మొదటి రోజు నుంచే అందరికన్నా బాగా పలికారు. ‘ర్’ తరవాత స, త, ద, న వస్తే ఓస్లోవాళ్లు రెండింటినీ కలిపి నాలుక మడిచి పలుకుతారు. గాయం అనే ‘సోర్’, శుశ్రూష అనే ‘స్తెల్ల్’ కలిస్తే ‘సోష్టెల్ల్’. వాళ్ల పార్లమెంటు ‘స్తూర్’, ‘తింగ్’ కలిసి ‘స్తూటింగ్’. మాతృభాష ‘మూష్‌మోల్’. ధనుస్సు, టంకారం కలిసి ధనుష్టంకారం అయ్యే భాషల నుంచి వచ్చిన మనకు ఇది చెప్పాలా? ఇంగ్లండు నుంచి, స్పెయిన్ నుంచి వచ్చిన నా విద్యార్థులు దీనికోసం నెలలు చెమటోడుస్తారు. కాకపోతే మన ‘ట’ మనకే ఎదురు తిరుగుతుంది. ఇంగ్లిషు అలవాటుతో ప్రతి ‘త్’నూ ‘ట్’ చేస్తే, ‘కత్త్’ అనే పిల్లి ‘కట్ట్’ అనే దేశపటం అవుతుంది. ఆమె ఇప్పటికీ ‘తక్క్’ను ‘టక్క్’ అంటారు. కత్తికీ కట్టెకూ తేడా తెలిసిన నోరు కదా అని ఎన్నిసార్లు గుర్తుచేసినా, తొందరలో ఇంగ్లిషు నోరే ముందుకు వస్తుంది.

ఫలితం

పొల్లు పద్ధతి మొదలుపెట్టిన ఆరు వారాలకు ముప్పై పదాలూ మళ్లీ చదివించాను, వరస మార్చి. పంతులుగారు ఇరవై ఐదు సరిగ్గా రాశారు. స్వరం గురించి ఈ ఆరు వారాల్లో ఒక్క మాట కూడా అనలేదు. అయినా చాలా పదాల్లో రెండో స్వరం దానంతటదే దాదాపుగా వచ్చేసింది. పెద్ద గురువు మీద నొక్కి దిగి, చిన్న గురువు దాటాక గొంతు లేస్తుంటే, ఆ రాగానికి కావలసిన మెట్లు అప్పటికే ఉన్నాయి. మొదటి నాలుగు వారాలు నేను మెట్లు లేకుండా మేడ ఎక్కించాలని చూశాను.

అందని ఐదింటిలో ‘లుంగెబెతెన్నెల్సె’ ఉంది, ‘బె’ ఇంకా బరువుగానే ఉంది. అంకెలతో కలిసి వచ్చినప్పుడు, ముఖ్యంగా ఫోనులో, ఆమె పాత పద్ధతికి జారిపోతారు. రాత్రి రెండింటికి ఒక మనిషి ఊపిరి ఆడక ఇబ్బంది పడుతుంటే ఎవరికి గురువు గుర్తుంటుంది? అలాంటప్పటికి ఒక చిన్న చీటీ తయారు చేసుకున్నాం. ఫోను పక్కన అంటించి ఉంటుంది. పన్నెండు మాటలు, పొల్లులతో, గీతలతో, ఎర్ర పెన్సిలుతో. దాన్ని చూసిన నార్వే సహోద్యోగి అదేదో ప్రార్థన అనుకుందట.

ఈ కేసు తరవాత నేను వచ్చినవాళ్లను మొదట నోటుబుక్కు చూపించమంటున్నాను, రికార్డింగు తరవాతే. అలాగే జనవరిలో వచ్చిన ఒక తెలుగు ఇంజనీరును అడిగాను. ఆయన అంతా ఫోనులో ఇంగ్లిషు లిపిలో రాసుకున్నారు. ఒత్తులు లేవు, ముద్దలు లేవు, చూడడానికి శుభ్రంగా ఉంది. నోరు తెరిచి ‘మత్పక్కె’ అన్నారు. అంటే దోషం లిపిది కాదు, లిపికి అలవాటుపడిన చెవిది. ఆమె విషయంలో కాగితం మీద కనిపించడం నా అదృష్టం. ఆయనకు తెలుగులో రాయించి, ఒత్తు చూపించి, ఆ తరవాత తీయించాలి. గత వారం ‘బీల్’ రాయమని పెన్ను ఇచ్చాను. ‘బీ’ రాసి ఆగిపోయారు.

“పొల్లు ఎటువైపు తిరుగుతుంది మాస్టారూ? పన్నెండేళ్లయింది తెలుగు రాసి.”